మూఢంలో మూడు ముళ్లు

"తియ్యి ముందది! తియ్యమంటుంటే నీక్కాదూ!"

వెంకటప్పయ్య అరిచిన అరుపుకి కళ్లంలో మిరపకాయల మీద వాలిన పిట్టలు లేచి టేకులపల్లి అడవి దాకా ఆగకుండా ఎగిరిపోయాయి. ఆ గొంతుతోనే ఒకసారి అడవిపందిని చేలోంచి కిన్నెరసాని వాగు దాకా తరిమానని ఆయన చెప్పుకుంటాడు. పంది తన వాళ్లతో ఏం చెప్పుకుందో ఎవరూ అడగలేదు.

నాగలత గడప అవతలే నిలబడింది. మెడలో పసుపు తాడు. పసుపు ఇంకా పచ్చిగానే ఉంది, చుడీదార్ మెడపట్టీకంతా అంటుకుంది. శివరాత్రి జాగారానికి ఇల్లందులో స్నేహితురాలింటికి పోతున్నానని శుక్రవారం పొద్దున బ్యాగు సర్దుకుని పోయిన పిల్ల, సోమవారం మధ్యాహ్నానికి మూడు ముళ్లతో వచ్చింది.

గడప లోపల తండ్రి. గడప బయట కూతురు. మధ్యలో కాఫీ గ్లాసు పట్టుకుని కొడుకు ఉదయ్ భాస్కర్. ఆ గ్లాసు అలా పట్టుకుని ఎంతసేపైందో గాని, కాఫీ మీద మీగడ కట్టింది. మీగడ మీద ఒక ఈగ సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

తల్లి నిర్మలాదేవి వసారాలో పట్టా మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఇంత గోల జరుగుతున్నా తలెత్తలేదు. తొడిమ తుంచిన చప్పుడొక్కటే, టిక్కుమని, టిక్కుమని.

"ఈ గురువారం సత్తుపల్లి వాళ్లు వస్తున్నారే! నిశ్చితార్థానికి! వాళ్లకేం చెప్పను? మా పిల్ల మీ కంటే ముందే తాడు కట్టించుకొచ్చింది, మీరు మాత్రం భోంచేసి వెళ్లండని చెప్పనా?"

"భోజనం పెడితే తప్పేముంది నాన్నా, అంత దూరం నుంచి వస్తారు" అంది నాగలత మెల్లగా.

"నోర్ముయ్!"

ఈగ లేచిపోయింది. ఉదయ్ మాత్రం కదల్లేదు. చెల్లెలు పెళ్లి చేసుకోవడం ఒక దెబ్బ. చేసుకున్నది బలరాంని కావడం రెండో దెబ్బ. అదుగో, వాకిట్లో మోటారు సైకిలుకి ఆనుకుని తల వంచుకు నిలబడ్డాడు ఆ బలరాం, టేకులపల్లి ఫారెస్టు బీట్ ఆఫీసరు. నాలుగు రోజుల కిందటే, అడవి అంచున తను విద్యార్థులకి ఆకాశం చూపిస్తుంటే, ఎలుగుబంట్లు వస్తాయేమోనని కర్ర పట్టుకుని కాపలా కాసింది ఈ కుర్రాడే. ఎలుగుబంటి రాలేదు. ఉదయ్ వెనక్కి తిరిగి సొంత చెల్లెలు ఎక్కడ నిలబడిందో చూసుకోలేదు.

"మూఢం కదా అని కళ్లు మూసుకున్నాన్రా!" వెంకటప్పయ్య తలబాదుకున్నాడు. "మార్గశిరం నుంచీ శుక్ర మూఢం. మూఢంలో ఎవడైనా పెళ్లి చేసుకుంటాడా? ఈ ఊళ్లో దొంగ కూడా మంచిరోజు చూసుకుని కన్నం వేస్తాడు. పెళ్లిళ్లే లేని రోజుల్లో పెళ్లికూతురికి కాపలా ఎందుకులే అనుకున్నా. ఎక్కడికి పోతానంటే అక్కడికి పొమ్మన్నా!"

అది నిజం. ఈ మూడు నెలలూ నాగలత ఇల్లందు పోయినా, ఖమ్మం పోయినా, ఎందుకే అని అడిగిన పాపాన పోలేదాయన. మూఢం పోయే రోజుకి ఇంటికి చేరితే చాలనుకున్నాడు. గొళ్లెం పెట్టడం మానేసి, గొళ్లెం పెట్టే పని పంచాంగానికి అప్పజెప్పాడు.

"అంతా నీ పాఠాలేరా!" వేలు ఉదయ్ మీదికి తిరిగింది. "ఖగోళశాస్త్ర పరిచయమని కాలేజీలో కొత్త క్లాసు పెట్టావు. చెల్లెల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టుకున్నావు. మూఢం అంటే శుక్రుడు సూర్యుడి వెనక్కి పోవడమే, దానికీ మన పెళ్లిళ్లకీ ఏ చుట్టరికమూ లేదని చెప్పావా లేదా?"

"చెప్పాను."

"మరి కొత్త కారు మూఢం పోయాక తీసుకుంటానని షోరూం వాడికి ఫోను చేసిందెవరు? నేనా?"

వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. బలరాం కాదు. బండి వెనక సీటు మీద ఇంతసేపూ కూర్చుని తలపాగా సర్దుకుంటున్న అతని తండ్రి లాలు.

"అది అమ్మ కోసం..." అన్నాడు ఉదయ్. తన గొంతు తనకే నచ్చలేదు.

"అమ్మ కోసం! క్లాసులో ఒక నోరు, షోరూంలో ఒక నోరు. నీ చెల్లెలు చూడు, ఒకే నోరు. నువ్వు క్లాసులో చెప్పిందే నమ్మింది, తాడు మెళ్లో వేసుకొచ్చింది."

లాలు బండి దిగి వసారా మెట్టు దగ్గరికొచ్చాడు. చేతిలో చెప్పులున్నాయి, వేసుకుని రావాలా, విడిచి రావాలా తేల్చుకోలేక పట్టుకునే వచ్చాడు.

"అప్పయ్యగారూ, లోపలికి రమ్మంటరా, గీ ఎండల్నే నిలబెడ్తరా? నిన్న మొన్నటి దాక అప్పయ్యగారూ అన్న. గిప్పుడు ఏమని పిలవాల్నో తెలుస్తలేదు. నా పెండ్లాం ద్వాలిని అడిగిన. వియ్యంకుడా అని పిలువు, గింత సిగ్గేంది ముసలోడా అని తిట్టింది."

"లాలూ!" వెంకటప్పయ్య గొంతు ఒక మెట్టు దిగింది. "ఇన్నేళ్లు నీ కాయ, నా కాయ ఒకే లారీలో ఖమ్మం మిర్చి యార్డుకి తోలుకున్నాం. నువ్వు మంచివాడివి కాదని నేనెప్పుడన్నా అన్నానా? కానీ ఇది లారీలో వేసే సరుకు కాదు."

"అవ్. గందుకే బండి మీద తెచ్చిన."

బలరాం "బాపూ" అని గొణిగాడు. లాలు నోరు మూసుకున్నాడు గాని కళ్లలో నవ్వు మూసుకోలేదు.

నాగలత గడప మీద చెయ్యేసింది. "నాన్నా, మేము మూఢంలో చేసుకోలేదు."

 తొడిమల చప్పుడు ఆగింది.

"ఏంటే?"

"మూఢం పోయాకే చేసుకున్నాం. అమ్మ బాధపడుతుందని ఆగాం. మొన్న గురువారం సాయంత్రం శుక్రుడు కనబడ్డాడు. అన్నయ్యే చూపించాడు, క్లాసందరికీ. పొద్దు గూకిన చోట, టేకుచెట్ల పైన. చుక్క కనబడితే మూఢం పోయినట్టేగా? శుక్రవారం పొద్దున వీళ్ల తండాలో, గుడి ముందు, వాళ్ల పెద్దలందరి ఎదుట కట్టించుకున్నాను."

"పంచాంగంలో రేపటి దాకా ఉంది మూఢం!"

"పంచాంగం రాసినాయన ఎక్కడో కూసొని రాసిండు" అన్నాడు లాలు. "చుక్కను కండ్లతోటి చూసినోడు మీ ఇంట్లనే ఉన్నడు గదా. అడుగున్రి."

వెంకటప్పయ్య కొడుకు వైపు తిరిగాడు. ఆ తిరగడంలో కోపం కంటే గర్వమే ఎక్కువుంది. ఎందుకంటే ఈ కొడుకు చదువు గురించి ఆయన యార్డులో చెప్పని మనిషి లేడు. మావాడు వేలు చూపిస్తే చుక్క ఎక్కడున్నా వచ్చి అక్కడ నిలబడుతుందని ఒకసారి కాంటా దగ్గర హమాలీలతో అన్నాడు. హమాలీలు నమ్మారు కూడా, లేకపోతే కాంటా ఆలస్యమవుతుందని.

"సరే" అన్నాడు. "మా తాత కాలంలో పంచాంగాలెక్కడివి? చుక్క చూసే లగ్గం పెట్టేవాళ్లు. లాలూ, నువ్వే సాక్షివి. మావాడు నిజమని ఒక్క మాట చెప్పనీ, గురువారం నిశ్చితార్థం ఆపేస్తాను. సత్తుపల్లి వాళ్ల కాళ్లు పట్టుకుని తిట్లు తింటాను. చుక్క కనబడలేదా, అప్పుడది పెళ్లి కాదు. మూఢంలో కట్టింది తాళి కాదు, దారప్పోగు. తీసేసి పిల్ల లోపలికొస్తుంది. ఒప్పుకుంటావా?"

లాలు కొడుకు వైపు చూశాడు. బలరాం తలెత్తి నవ్వాడు, ఇంటికొచ్చాక మొదటిసారి. "సారే చూపించిండు బాపూ. నేను గూడ చూసిన. ఒప్పుకో."

"ఒప్పుకున్న" అన్నాడు లాలు. చెప్పులు కింద పెట్టేశాడు.

"చెప్పరా" అన్నాడు వెంకటప్పయ్య. "మొన్న గురువారం సాయంత్రం నువ్వు చూపించింది శుక్రుడేనా?"

ఉదయ్ గ్లాసులోని మీగడ వైపు చూశాడు.

ఆ సాయంత్రం అతనికి కళ్ల ముందే ఉంది. పిల్లలంతా పడమటికి తిరిగి నిలబడ్డారు. ఆకాశం కింద అంచంతా పొగమంచు. టేకుచెట్ల పైన సన్నగా ఒక చుక్క మెరిసింది. "అదుగో శుక్రుడు! మూఢం వదిలించుకుని బయటికొచ్చాడు!" అని తనే అరిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. ఆ ఫొటో ఒకటి శనివారం ఖమ్మంలో తనకి తెలిసిన పాత లెక్చరర్‌కి గొప్పగా పంపాడు. గంటలో జవాబు వచ్చింది. ఇది బుధుడయ్యా, శుక్రుడు ఇంకా బాగా కిందున్నాడు, ఆ మంచులో నీకు కనబడి ఉండడు, అని.

బుధుడు. ఏడాదిలో కొద్ది రోజులే సూర్యుడి పక్క నుంచి బయటికి తొంగిచూసే గ్రహం, సరిగ్గా ఈ వారమే తొంగిచూసి, శుక్రుడి చప్పట్లు తను కొట్టించుకుని పోయింది.

రేపటి క్లాసులో నవ్వుతూ సవరించుకుందామనుకున్నాడు. తప్పు చేయడం కూడా పాఠమేనని చెబుదామనుకున్నాడు. ఆ తప్పు మీద ఈ లోపు ఒక కాపురం లేచి కూర్చుందని ఎవరనుకున్నారు?

ఔనంటే అయిపోతుంది. ఒక్క మాట. ఆకాశానికి నష్టం లేదు. కానీ రేపు క్లాసులో అరవై మందికి బుధుడని చెప్పాలి. ఆ అరవై మందిలో సగం టేకులపల్లి వాళ్లే. సాయంత్రానికి మాట ఈ ఇంటికి వస్తుంది. అన్న ఆడిన అబద్ధం మీద నిలబడ్డ పెళ్లని చెల్లెల్ని జీవితమంతా దెప్పుతారు.

"ఏరా, చుక్క మింగేశావా?"

"అది..." ఉదయ్ కాఫీ గ్లాసు గూట్లో పెట్టాడు. "అది శుక్రుడు కాదు నాన్నా. బుధుడు. నేను పొరబడ్డాను."

 పెరట్లో బర్రె ఒకటి అరిచి, ఎవరూ పలక్కపోయేసరికి అదీ ఊరుకుంది.

"సార్..." బలరాం మొహంలో రక్తం లేదు. "సార్, మీరే గదా చూపిచ్చిండ్రు. మీ మాట మీదనే గదా..."

"తెలుసు బలరాం. తప్పు నాదే."

"తాలుకాయని మేలుకాయ కింద అమ్మాడు మావాడు!" వెంకటప్పయ్య నవ్వాడు. ఏడ్చినట్టుంది ఆ నవ్వు. "పోనీ, ఇప్పటికైనా నిజం చెప్పాడు. విన్నావా లాలూ? మాటంటే మాట. చుక్క లేదు, పెళ్లి లేదు."

ఉదయ్ చెల్లెలి వైపు చూసే ధైర్యం తెచ్చుకుని చూశాడు. ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె మామూలుగా నిలబడి ఉంది.

"బుధుడని నాకు తెలుసు అన్నయ్యా" అంది.

ఉదయ్‌కి సరిగా వినబడలేదనిపించింది. "ఏమన్నావు?"

"అప్పుడే తెలుసు. శుక్రుడైతే అంత పైన ఉండడు. ఆ వెలుగు కూడా శుక్రుడిది కాదు. నువ్వు చెప్పిన పాఠమేగా? నువ్వు సంబరంలో మరిచిపోయావు. అందరూ చప్పట్లు కొడుతుంటే నీ పరువు తీయడం ఇష్టం లేక ఊరుకున్నా."

"తెలిసే కట్టించుకున్నవా?" అన్నాడు బలరాం. ఆ గొంతులో పెళ్లికొడుకు లేడు, దెబ్బ తిన్న పిల్లాడున్నాడు. "నాకెందుకు చెప్పలే? మూఢం పోయింది, మీ అమ్మ ఇక బాధపడదంటివి గదా?"

"చెబితే నువ్వు ఆగుదామంటావు. ఆగితే గురువారం వస్తుంది." నాగలత గడప లోపలికి చెయ్యి చూపింది. "వీళ్లకి చుక్క కావాలి. నాకు నువ్వు కావాలి. అందుకని వీళ్లకో చుక్కనిచ్చాను. ఏదైతేనేం, చుక్కేగా!"

లాలు కూడా ఇప్పుడు నవ్వలేదు. "గిదేం పిల్లరా బాబూ" అని మెట్టు మీద కూలబడ్డాడు.

వెంకటప్పయ్యకి మాత్రం ఎక్కడలేని బలం వచ్చింది. కూతురు నోటితోనే తేలిపోయింది. యార్డులో ధర తెగినప్పుడు తువ్వాలు దులిపి భుజానేసుకుంటాడు. ఇప్పుడూ అలాగే దులిపాడు. దానికంటుకున్న మిరపఘాటుకి అందరూ తుమ్మారు. దుఃఖంలో ఉన్న బలరాం కూడా తుమ్మాడు.

"అయింది. అది పెళ్లి కాదు. మూఢంలో కట్టిన తాడు తాడు కాదు. దా ఇటు." గడప దాటి చెయ్యి చాపాడు. వేళ్లు కూతురి మెడలో పసుపు తాడుని తాకాయి.

నాగలత వెనక్కి జరగలేదు. బలరాం ముందుకొచ్చాడు. లాలు లేచాడు. ఉదయ్ "నాన్నా, వద్దు" అంటూ ఆ చెయ్యి పట్టుకున్నాడు. జీవితంలో తండ్రి చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదలు. 

"వదలరా!"

"ఏవండీ."

నిర్మలాదేవి పట్టా మీద నుంచి లేచింది. ఒళ్లో తొడిమలన్నీ జలజల రాలాయి. కూతురొచ్చిన దగ్గర్నుంచి ఆమె మాట్లాడటం ఇదే. గట్టిగా కూడా అనలేదు. కాని వెంకటప్పయ్య చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"మూఢంలో కట్టిన తాళి తాళి కాదంటున్నారా?"

"కాదు! నువ్వే ఎన్నిసార్లు చెప్పలేదు!"

"అయితే నా మెళ్లోది కూడా తీసెయ్యండి."

"నీకేమన్నా మతిపోయిందా?"

"మన పెళ్లి శుక్ర మూఢంలోనే అయింది."

పక్కన పిడుగు పడినా వెంకటప్పయ్య అంతలా అదిరేవాడు కాదు. నోరు తెరిచాడు. మూయలేదు.

"మామయ్యగారికి ఊపిరాడని రోజులవి. గుర్తుందా? కోడల్ని చూసి పోతానని పట్టుబట్టారు. మూఢం పోయేదాకా ఆయన ఆగరని డాక్టరు చెప్పాడు. మా నాన్న, పంతులుగారు మా గొడ్లచావిట్లో నిలబడి మాట్లాడుకున్నారు. మూఢమని తెలిస్తే మీ మేనత్తలు ఒప్పుకోరు, నోరు మెదపొద్దని ఒట్లేసుకున్నారు. గడ్డి కోసం వెళ్లి నేను విన్నాను."

"ఇన్నేళ్లూ... ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"మూఢంలో కొత్త చెప్పులు కూడా కొనని మనిషివి. నీతో ఎలా చెప్పను?" మీరు కాస్తా నువ్వయింది. ఆమె గమనించుకోలేదు. ఆయనా గమనించలేదు. "ఇప్పుడు చెప్పు. అది పెళ్లి కాకపోతే, ఈ ఇంట్లో నేనెవర్ని? వీడెవడు?"

ఆ వేలు తన వైపే ఉండటం చూసి ఉదయ్ ఉలిక్కిపడ్డాడు. ఇంతసేపట్లో అబద్ధాలకోరయ్యాడు, తెలివితక్కువవాడయ్యాడు. ఇది మాత్రం అనుకోలేదు.

వెంకటప్పయ్య మిరపకాయల బస్తా మీద కూర్చుండిపోయాడు. మొహం బస్తా రంగుకి తిరిగింది.  తలెత్తి భార్యని చూశాడు. అనుమానం మెల్లగా ఆ కళ్లలోకి పాకింది. ఖమ్మం యార్డులో బస్తా అడుగునున్న తడికాయని పైనుంచి చూసి పట్టేసే కళ్లవి.

"నువ్వు కూతురి కోసం చెబుతున్నావు."

"నేనెప్పుడన్నా అబద్ధం చెప్పానా?"

చెప్పలేదు. అది ఊరందరికీ తెలుసు. పక్కింటి వాళ్ల కూర బాగాలేకపోతే బాగాలేదనే చెప్పి, ఆరు నెలలు మాటలు లేకుండా ఉన్న మనిషి ఆమె.

"ఉదయ్" అన్నాడు వెంకటప్పయ్య. ఒరేయ్ అనలేదు. "పాత రోజుల్లో ఏ చుక్క ఎక్కడుందో ఆ ఫోన్లో చూపిస్తుందని చెప్పావు కదూ?"

"చూపిస్తుంది."

"తొంభై నాలుగు మే నెల. మా పెళ్లిరోజు నీకు తెలుసు. చూడు. పొద్దు గూకాక పడమట శుక్రుడున్నాడా, సూర్యుడి చాటునున్నాడా, అదొక్కటి చూడు. మీ అమ్మ చెప్పింది నిజమైతే ఈ పిల్లని చేయి పట్టుకుని నేనే లోపలికి తీసుకొస్తాను. కాకపోతే..." మిగతాది మింగేశాడు.

ఉదయ్ ఫోను తీశాడు. వేళ్ల మీద చెమట, తెర ఒకసారికి తెరుచుకోలేదు. తేదీ కొట్టాడు. తెర మీద ఆకాశం గిర్రున వెనక్కి తిరిగింది. ఏళ్లకేళ్లు రాలిపోయాయి. సూర్యుడు అడవి వెనక్కి దిగాడు. చీకటి పడింది.

పడమట, పొద్దు గూకిన చోటికి చాలా పైన, ఏ మంచూ లేని చోట, ఎవరూ వేలు చూపించక్కర్లేని వెలుగుతో ఉంది చుక్క. ఉదయ్ దాన్ని నొక్కి పేరు చూశాడు. మళ్లీ నొక్కి మళ్లీ చూశాడు. ఈసారి బుధుడు కాదు.

శుక్రుడు. నిండుగా, ఉత్సవ విగ్రహంలా. ఆ రోజు మూఢం లేదు, మూఢం నీడ కూడా లేదు.

అతను తలెత్తాడు. తల్లి అతన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలుకోవడం లేదు, భయం లేదు. జన్మలో మొదటిసారి అబద్ధమాడిన మనిషి, ఆ అబద్ధాన్ని తీసుకొచ్చి కొడుకు చేతిలో పెట్టి, నీ ఇష్టం అన్నట్టు నిలబడి ఉంది.

గడప అవతల నాగలత పసుపు తాడుని గుప్పిట పట్టుకుంది.

"ఏరా" అన్నాడు వెంకటప్పయ్య. "ఉన్నాడా, లేడా?"